ఎందరు కావాలో ఆమెను అడిగామా?

నెల్లూరు తీరాన తోటపల్లి గూడూరు ప్రాంతంలో బాగా వయసు మళ్ళిన అవ్వలను సంతానం గురించి అడిగితే రెండు లెక్కలు చెబుతారు: పుట్టినవారెందరు, దక్కినవారెందరు. వారి మనుమరాళ్ళకు ఆ రెండో లెక్క అవసరం లేదు. ఒకరు చాలుననీ, కొన్నాళ్ళు ఆగుదామనీ వారు నిస్సంకోచంగా అంటున్నారు. దీనిని స్వార్థమని నిందించే ముందు గడచిన నూరేళ్ళ చరిత్రను ఒకసారి తిరగవేయాలి.

నెల్లూరులో 1923లో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించిన పొణకా కనకమ్మ గారికి పదేళ్ళు నిండకముందే వివాహమైంది. ఆనాటి ఆచారమది. 1930లో అమలులోకి వచ్చిన శారదా చట్టం బాలికల వివాహ వయసును 14 ఏళ్ళుగా నిర్ణయించింది. అది 18కి పెరిగింది 1978లో. ఎదిగీ ఎదగని దేహంతో గర్భం దాల్చిన స్త్రీకి సంతానం విషయంలో ఇష్టాయిష్టాలు ఉంటాయని ఎవరూ తలచలేదు.

1952లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని చేపట్టింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976–77లో, దేశమంతటా 80 లక్షలకు పైగా కు.ని. శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు పురుషులవే. ఆ నిర్బంధంపై ప్రజాగ్రహం పెల్లుబికిన తరువాత ప్రభుత్వాలు మగవారి జోలికి పోవడం మానుకున్నాయి. భారమంతా స్త్రీలపై పడింది. వైద్యపరంగా చూస్తే పురుషుల శస్త్రచికిత్సే సులువైనది, ప్రమాదం తక్కువైనది.

1991లో ఆంధ్రప్రదేశ్ స్త్రీల అక్షరాస్యత సుమారు 33 శాతమే. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం సగటున ఒక స్త్రీకి కలిగే సంతానం 1992–93లో 2.6 ఉండగా, 2005–06 నాటికి 1.8కి దిగింది. కేరళలో చదువు సాధించిన ఫలితాన్ని ఇక్కడ ప్రధానంగా శస్త్రచికిత్స సాధించింది. 2019–21 సర్వే నాటికి మన రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. పురుషులు ఒక శాతమైనా లేరు. చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు బిడ్డలు, పాతికేళ్ళు నిండీ నిండకముందే ఆపరేషన్: ఎందరో తల్లుల జీవితం ఇలాగే సాగింది. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ఉంచే తాత్కాలిక పద్ధతులు ఉన్నాయని వారికి ఓపికగా వివరించినవారు అరుదు.

శాశ్వతమన్న మాటకు అర్థం 2004 డిసెంబరు 26న సునామీ తెలిపింది. ఆ అలలు మన తీరాన్నీ తాకాయి. తమిళనాడు తీరంలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులలో ఎందరో అప్పటికే కు.ని. శస్త్రచికిత్స చేయించుకున్నవారు. వారి నాళాలను తిరిగి కలిపే చికిత్సకు అక్కడి ప్రభుత్వమే సాయం చేయవలసి వచ్చింది. ఆ చికిత్స అందరికీ ఫలించేది కాదు.

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం శాసించింది. 2024 నవంబరులో మన శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమని పాలకులే పిలుపునిస్తున్నారు. నిన్న చాలన్నారు, నేడు చాలదంటున్నారు. రెండు వేళలా ఆమెను అడగలేదు.

అందుకే నేటి యువతి సంకోచాన్ని నేను తప్పుపట్టను. అయితే వైద్యునిగా రెండు మాటలు చెప్పాలి. 35 ఏళ్ళు దాటాక గర్భధారణ అవకాశం వేగంగా తగ్గుతుంది. కనుక ఆగాలనుకునేవారు ఈ సంగతి తెలిసి ఆగాలి. ఇక చాలనుకున్న దంపతులలో శస్త్రచికిత్సకు మొదట ముందుకు రావలసినది భర్త. ఎందరు, ఎప్పుడు అన్నది మాత్రం, అన్నీ తెలిసిన ఆమె నోటి నుండే రావాలి.