సెప్టెంబర్ 28: మూసీ వరద రోజును మన చెరువు కట్ట మీద కూడా యాది చేసుకోవాలె

పోస్టు కొంచెం పొడుగుంటది, తీరికగా చదవండి.

ఏటా సెప్టెంబర్ 28న హైదరాబాద్ ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఒక పాత చింతచెట్టు కింద కొంతమంది జమ అయితరు. 1908లో అదే తారీఖున మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా పాణాలు దక్కించుకున్నరని చెప్తరు. చనిపోయినోళ్లను తలుచుకొని, చెట్టుకు దండం పెట్టి, నది గురించి నాలుగు మాటలు మాట్లాడుకుంటరు. ఫోరమ్ ఫర్ ఎ బెటర్ హైదరాబాద్ వాళ్లు ఈ రోజును మరిచిపోకుండా జరుపుకుంట వస్తున్నరు. 2008లో నూరేండ్లు నిండినయి.

మన చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్, శంషాబాద్ దిక్కు ఎంతమందికి ఈ తారీఖు యాదికుంటది? అది పట్నపోళ్ల సంగతి అనుకుంటం. కానీ ఆ నీళ్లు పట్నంల పుట్టలేదు. మన దిక్కే పడ్డయి, మన చెరువుల మీదికెల్లే పోయినయి. అందుకే ఈ రోజు మనది కూడా అంటున్న.

ముందు ఆ రోజుల సంగతి. అమావాస్య పోయి మూడు రోజులైంది. మనకు బతుకమ్మ దినాలు, ముస్లింలకు రంజాన్ నెల అప్పుడే మొదలైంది. చీకటి రాత్రులు. శంషాబాద్ దగ్గర 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడ్డట్టు లెక్క ఉన్నది. మన సెంటీమీటర్లల్ల చెప్పాలంటే ఒక్క రోజుల 32, రెండు రోజులకు 48. తెల్లారేసరికి మూసీ పట్నం మీద పడ్డది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నయి. అటు ఇటు దాటడానికి పురానాపూల్ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఉస్మానియా ఉన్న జాగల అప్పటి అఫ్జల్‌గంజ్ దవాఖాన కొట్టుకపోయింది. పోయిన పాణాలు 15 వేలని ఎక్కువ మంది చెప్పే లెక్క. ఇంకా ఎక్కువే అనేటోళ్లూ ఉన్నరు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కండ్ల ముందరే తల్లి, భార్య, బిడ్డ కొట్టుకపోయిన్రు, ఆయన ఒక్కడు బతికిండు. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన మహళ్ల తలుపులు తెరిచి, దిక్కులేనోళ్లకు అన్నం పెట్టించిండు.

ఇట్ల ఎందుకైందో చూసి చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిన్రు. ఆయన 1909లో వచ్చి మూసీకి నీళ్లు వచ్చే జాగంత లెక్క తీసిండు. పట్నానికి ఎగువన సుమారు 860 చదరపు మైళ్ల భూమి మీద పడ్డ వాన మూసీలకు, ఈసీలకు వస్తది. అండ్ల 788 చెరువులున్నయి. అంటే దాదాపు మైలుకొక చెరువు. ఆ వానకు తెగినవి 221. తెగిన వాటిల్ల మన శంషాబాద్ దగ్గరి పాల్మాకుల చెరువు కూడా ఉన్నది.

గొలుసుకట్టు అంటే ఏందో మనకు వేరే చెప్పనక్కర లేదు. పై చెరువు అలుగు దుంకితే నీళ్లు వాగుల పడి కింది చెరువుకు వస్తయి. అలుగు మీదికెల్లి వచ్చే నీళ్లు నిదానంగ వస్తయి, కింది కట్ట తట్టుకుంటది. కానీ పై కట్ట తెగితే చెరువుల ఉన్న నీళ్లన్నీ ఒక్కసారే వస్తయి. అప్పటికే అంచు దాకా నిండిన కింది చెరువు అది మోయలేదు, అదీ తెగుతది. రెండింటి నీళ్లు మూడోదాని మీద పడుతయి. మెట్టు మెట్టుకు నీళ్లు పెరుగుతయి. ఆ రోజు పట్నం దగ్గర మూసీల 4 లక్షల 25 వేల క్యూసెక్కుల దాకా పారిందని విశ్వేశ్వరయ్య లెక్క కట్టిండు.

అప్పటి మన తాతల తప్పని ఎవ్వరూ అనలేరు. ఒక్క రోజుల 32 సెంటీమీటర్లు పడితే ఏ ఊరి చెరువు ఆగుతది? పై ఊర్లల్ల కట్టలు తెగుతుంటే కిందోళ్లను లేపడానికి ఫోన్లు కూడా లేని రోజులు.

విశ్వేశ్వరయ్య చెప్పిన మందు రెండు పెద్ద కట్టలు. మూసీ మీద గండిపేట దగ్గర కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920ల పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927ల అయింది. వరద ఆపడానికి కట్టినవే పట్నానికి తాగే నీళ్లు కూడా ఇచ్చినయి. ఆ నీళ్ల కింద మునిగింది రైతుల భూములే, ఆ మాట కూడా యాది పెట్టుకోవాలె.

ఇగ ఈ రెండు కట్టలున్నయి గద, భయమేంది అనేటోళ్లకు ఒక లెక్క చెప్త. ఉస్మాన్‌సాగర్‌ల పట్టేది 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌ల 2.97. కలిపితే దగ్గర దగ్గర 7 టీఎంసీలు. 4 లక్షల 25 వేల క్యూసెక్కులు ఒక గంట పారితే ఒకటిన్నర టీఎంసీ. అంటే 1908 నాటి గట్టి వరద ఇప్పుడు వస్తే, రెండూ ఎండిపోయి ఉన్నా నాలుగున్నర గంటల్ల నిండిపోతయి. వానాకాలం చివర అవి ఎండిపోయి ఉండవు. ఇగ గేట్లు ఎత్తుడే. అందుకే ఎగువన ఉన్న మన చిన్న చెరువులు ఎంత నీళ్లు ఆపితే, అంత భారం ఆ రెండింటి మీద తగ్గుతది.

గేట్లు ఎత్తితే ఏమైతదో 2025 సెప్టెంబర్ 26 రాత్రి చూసినం. అవి కూడా బతుకమ్మ రోజులే. రెండు జలాశయాలకెల్లి వదిలింది 35 వేల క్యూసెక్కులకు అటు ఇటు. దానికే ఎంజీబీఎస్ బస్టాండ్లకు నీళ్లు వచ్చి, పండుగకు ఊర్లకు పోయేటోళ్లు ఇరుక్కున్నరు. 1908 లెక్కల అది పన్నెండో వంతు కూడా లేదు.

అంత వాన మళ్లీ రాదు అనుకునేటోళ్లు 2020 అక్టోబర్ 13 యాది చేసుకోవాలె. ఆ రోజు ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడ్డది. 1908ల శంషాబాద్ దగ్గర ఒక్క రోజుల పడ్డంత. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు హైవే మీద బండ్లు కొట్టుకపోయినయి, మనుషులు పోయిన్రు. నాలుగు రోజులకు బాలాపూర్ దిక్కు గుర్రం చెరువు తెగి పాతబస్తీ కాలనీలు మునిగినయి. నూటపన్నెండేండ్ల తర్వాత కూడా చెరువు తెగిన కాడనే దెబ్బ ఎక్కువ పడ్డది.

ఇప్పుడు మన భూముల సంగతికి వస్త. హైటెక్ సిటీల సైబర్ టవర్స్ 1998ల తెరిచిన్రు. అక్కడికెల్లి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా కట్టడాలు వచ్చి గండిపేట కట్టకు ఆనినయి. 2023 ఆగస్టుల కోకాపేట వేలంల ఒక ఎకరం 100 కోట్లు దాటింది. కట్టకు ఎగువన 84 ఊర్లకు 1996 మార్చిల వచ్చిన 111 జీవో. రెండు జలాశయాలను కాపాడాలని 10 కిలోమీటర్ల లోపల పెద్ద కట్టడాలు, కంపెనీలు వద్దన్నరు. 2022 ఏప్రిల్ల 69 జీవోతోని ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నమన్నరు. పక్క ఊరోడి ఎకరం కోట్లు పలుకుతుంటే మన భూమికి రేటు లేకపాయె అని మన రైతులకు కడుపుమంట ఉన్నది. అది ఉత్త బాధ కాదు. పట్నం మునగొద్దని మనల్ని ఆపిన్రు, ఆ నష్టానికి ఎవరూ ఏమీ కట్టియ్యలేదు. చింతచెట్టు కింద మాట్లాడేటోళ్లు ఈ ముచ్చట కూడా మాట్లాడాలె.

కానీ భూమి అమ్ముకునుడు వేరు, చెరువుల దారి అమ్ముకునుడు వేరు. వెంచర్ల పేరుతోని వాగు పూడిస్తే, శిఖం భూమిల మట్టి నింపితే, అలుగు ముందర గోడ కడితే, వాన పడ్డనాడు ఆ నీళ్లు మన ఇండ్లల్లకు, మన చేన్లల్లకే వస్తయి. పట్నం ఆ తర్వాత మునుగుతది.

అందుకే ఈ సెప్టెంబర్ 28 నాడు మనం చెయ్యాల్సినది చిన్నదే. ఊరికి పదిమంది కలిసి చెరువు కట్ట ఎక్కుండి. కట్ట మీద తుమ్మలు పెరిగినయా, ఎలుక బొక్కలు, పీత బొక్కలు పడ్డయా చూడండి. తూము కాడ నీళ్లు ఊరుతున్నయా చూడండి. ఊరే నీళ్లు తేటగుంటే అంత భయం లేదు. మట్టి కొట్టుకొస్తున్నయంటే లోపల కట్ట కోసుకపోతున్నట్టే, వెంటనే ఇరిగేషనోళ్లకు చెప్పాలె. అలుగుకు అడ్డం ఏమన్న కట్టిన్రా, పై చెరువుకెల్లి వచ్చే కాలువ తెరిచి ఉన్నదా నడిచి చూడండి. ఎఫ్‌టీఎల్ హద్దు రాళ్లు ఉన్న జాగలనే ఉన్నయా ఫోటోలు తీసి పెట్టుకోండి. పై ఊరోళ్ల నెంబర్లు, కింది ఊరోళ్ల నెంబర్లు కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. 1908ల లేనిది అదొక్కటే, ఇప్పుడు అందరి జేబుల ఉన్నది.

వెనుకట నీరడి రాత్రి పూట లాంతరు పట్టుకొని కట్ట మీద తిరిగేటోడు. ఆ కొలువులు పోయినయి. చెరువు మాత్రం అక్కడనే ఉన్నది, దాని కింద ఊరున్నది, ఊరి కింద పట్నం ఉన్నది.

మీ ఊరి చెరువు ఎట్లున్నదో, కట్ట ఎప్పుడన్న తెగిందా, పెద్దమనుషులు ఏం చెప్పేటోళ్లో కింద రాయండి. పై ఊరోళ్లు, కింది ఊరోళ్లు ఒకరి మాట ఒకరు చదువుకుంటరు.