కనీస వేతన చట్టము - కొల్లేటి సీమ

ఏలూరనగానే తివాచీలు జ్ఞప్తికి వచ్చును. తాడేపల్లిగూడెమనగా బియ్యపు మిల్లులు. కొల్లేటి లంకలనగా దాళ్వా వరి. 1948 మార్చిలో అమలునకు వచ్చిన కనీస వేతన చట్టముయొక్క పట్టికను తెరచినచో ఈ మూడును అందు కానవచ్చుట శ్రోతలకు వింత గొల్పవచ్చును. మొదటి భాగమున మొట్టమొదటి పద్దు ఉన్ని తివాచీల నేత. రెండవది బియ్యము, పిండి, పప్పు మిల్లులు. వ్యవసాయమునకు ప్రత్యేకముగా రెండవ భాగము నిచ్చిరి. బేరమాడుటకు సంఘబలము లేని పనివారల నుద్దేశించి కూర్చిన పట్టిక యిది. ఇట్టి శాసనమునకు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1896లోనే దారి చూపినది.

చట్టము ఢిల్లీదే యైనను, ఈ వృత్తులకు రేటు నిర్ణయించు భారము రాష్ట్రములదే. నాడు ఈ సీమ మద్రాసు రాష్ట్రమున నుండెను. 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు, 1956లో ఆంధ్రప్రదేశమునకు చెందినది. సరకు తీసికొనిపోయి యింటిమగ్గముపై నేయువానిని కూడ చట్టము పనివానిగానే గుర్తించినది. ఇది చిన్న మాట కాదు. కార్ఖానా గోడ వెలుపలికి శాసనము కాలు మోపినది.

చిక్కంతయు పొలములోనే వచ్చినది. వ్యవసాయమునకు రేట్లు నిర్ణయించుటకు మొదట మూడేండ్ల గడువు పెట్టిరి. పార్లమెంటు దానిని పలుమార్లు పొడిగింపవలసివచ్చినది. మిల్లులో హాజరుపట్టీ యుండును, కోతచేలో ఎవరు వ్రాయుదురు? పైగా డెల్టాలో కోతకూలి కళ్ళముమీద ధాన్యముగా కొలిచి యిచ్చుట వాడుక. కూలి రొక్కముగా ఈయవలెననునది ఆ చట్టముయొక్క సాధారణ నియమము. ఆచారమున్నచోట ధాన్యమునకు ప్రభుత్వము అనుమతి నిచ్చుటకు అందు వీలుండెను. రొక్కమే నాగరికమని పలువురు తలచిరి గాని, నా కది సగము సత్యముగనే తోచును. ధర పెరిగినను కుంచెడు వడ్లు కుంచెడే. రూపాయి మాత్రము అంగడికి పోవులోపల తరిగిపోవును. అందుచేతనే ధరల సూచికి ముడిపెట్టిన కరవుభత్యమునకు చట్టమున చోటిచ్చిరి. మన రాష్ట్రమున దానిని ఏప్రిలు, అక్టోబరు మాసములలో సవరించుట ఏర్పడినది. మూలవేతనమును అయిదేండ్లలోపున తిరిగి పరిశీలింపవలెనను నిబంధన మాత్రము పెక్కుమార్లు మీరిపోయినది. కూలి నిజముగా నష్టపోయిన దిక్కడనే.

మిల్లుదారు చెప్పునదియు విందము: ధాన్యము ధర తన చేతిలో లేదు, ఆదాయము చాలదు, ఎక్కడినుండి ఇచ్చుట? కేరళ పెంకుల పరిశ్రమ వ్యాజ్యమున 1961లో సుప్రీంకోర్టు దీనికి బదులు చెప్పినది. కనీస వేతనమునకు యజమాని స్తోమతతో నిమిత్తము లేదు. 1983లో రాజస్థాను కరవుపనుల కేసులో న్యాయస్థానము మరింత ముందునకు పోయి, కనీసమునకు తక్కువ యిచ్చి చేయించుకొన్న పనిని రాజ్యాంగము నిషేధించిన వెట్టిచాకిరిగా నిర్ణయించినది.

ఈలోగా కొల్లేటిలో వరిమళ్ళు పెక్కు చేపల చెరువులైనవి. పాత చట్టము ననుసరించి పట్టికలో లేని వృత్తిని రాష్ట్రప్రభుత్వము పేరు పెట్టి చేర్చవలసియుండెను. 2019 నాటి వేతన స్మృతి ఆ పట్టికనే తొలగించి, కనీస వేతనమును అన్ని పనులకు వర్తింపజేసినది. అది 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చినది. చెరువుగట్టున మేత చల్లువాడును, రాత్రి కావలి కాయువాడును ఇపుడు దాని పరిధిలోనివారే. వారి పనిగంటల పుస్తకమును వ్రాయువా రింకను ఏర్పడవలసియున్నది.