ఆహార్యము – కర్తృత్వము : మైలా నుర్మి చరిత్ర

నాట్యశాస్త్రము అభినయమును ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములని నాలుగు విధములుగా విభజించినది. ఈ నాలిగింటిలో ఆహార్యమునకు మన విమర్శలో దక్కిన చోటు స్వల్పము. వేషము నటునకు వెలుపలినుండి వచ్చి చేరునది, తక్కిన మూడును అతనిలోనుండి పుట్టునవి అను భావము ఇందుకు కారణము కావచ్చును. ఐనను కూచిపూడి భామాకలాపమును చూచినవారెవరును సత్యభామ జడను కేవలమొక నగగా ఎంచజాలరు. వేషమే పాత్రకు జన్మహేతువగు సందర్భములు కలవు. అట్టియెడ ఆ పాత్రకు కర్త యెవరు? వేషమును మొదట ఊహించిన వాడా, దానిని మార్చి ధరించిన వ్యక్తియా, ప్రదర్శనకు ధనము వెచ్చించిన సంస్థయా? ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున అమెరికాలో ఒక స్త్రీ జీవితము నంతటిని ఈ ప్రశ్నయే నడపినది. తుదకు న్యాయస్థానమునకును ఎక్కినది. ఆమె మైలా నుర్మి. లోకమునకు తెలిసిన పేరు వాంపీరా.

ఆమె జన్మవృత్తాంతముననే పరిశోధకునకు మొదటి చిక్కు ఎదురగును. ఫిన్లాండు ఉత్తర భాగమునందలి పెట్సామోలో జన్మించితిననియు, ప్రఖ్యాతుడైన పరుగుపందెగాడు పావో నుర్మికి బంధువుననియు ఆమె చెప్పుకొనుచుండెడిది. పత్రికలును పెక్కేండ్లు అట్లే వ్రాసినవి. నిజమునకు ఆమె 1922 డిసెంబరు 11వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రమున గ్లౌస్టరు అను రేవుపట్టణమున జన్మించినది. తల్లిదండ్రులు పెట్టిన పేరు మైలా ఎలిజబెత్ సిర్యానియేమి. ఆమె కుటుంబము ఫిన్నిష్ సంతతికి చెందినది. ఆరెగన్ రాష్ట్రమున, ఫిన్లాండు వలసదారులు పెక్కుమంది స్థిరపడిన ఆస్టోరియా పట్టణమున ఆమె పెరిగినది. ఆమె చెప్పుకొన్న కథను అసత్యమని త్రోసివేయుట తేలికయే. కాని పేరును, ఊరును, వంశమును తానే ఎన్నుకొని ధరించినది గనుక, ఆ కథయు ఆమె వేషకల్పనలో భాగముగనే పరిశీలింపదగినదని నా అభిప్రాయము.

యౌవనమున ఆమె న్యూయార్కు, లాస్ ఏంజిలిస్ నగరములలో రంగస్థలమును ఆశ్రయించినది. 1944లో మైక్ టాడ్ నిర్మించిన 'స్పూక్ స్కాండల్స్' అను అర్ధరాత్రి ప్రదర్శనమున ఆమె శవపేటికలో పరుండి కేకలు వేయు వేషము ధరించెను. దానిని చూచిన చలనచిత్ర దర్శకుడు హవర్డ్ హాక్స్ ఆమెను హాలీవుడ్డుకు రప్పించినాడు. ఆమెతో తీయదలచిన చిత్రము తీయబడనే లేదు. పిమ్మట ఆమె ఫ్లోరెంటైన్ గార్డెన్సులోను, ఎర్ల్ కారొల్ వినోదశాలలోను బృందనర్తకిగా జీవనము గడపినది. చిత్రకారుడు ఆల్బర్టో వర్గాస్, ఛాయాచిత్రకారుడు మాన్ రే ప్రభృతులకు నమూనాగా నిలిచినది.

అమెరికా వినోదశాలలలో 'షోగర్ల్' అనబడు స్త్రీ వృత్తి యెట్టిదో ఇచట కొంచెము చెప్పవలసియున్నది. ఆమెకు సంభాషణ లేదు, పాట లేదు, నృత్యమును అంతంతమాత్రమే. బరువైన శిరోభూషణములను, ఈకలను, పూసల దుస్తులను ధరించి మెట్లు దిగుట, నిలుచుట, తిరుగుట ఆమె పని. వేషము సంస్థది; దేహము మాత్రమే ఆమెది. మన శాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, ఇది వాచికము తొలగింపబడి ఆహార్యము మాత్రమే మిగిలిన అభినయము. మైలా నుర్మి చదువుకొన్న పాఠశాల ఇది. తరువాతి ఆమె కృషిలో మాట కంటె నడక, నడక కంటె ఆకృతి ముందు నిలుచుటకు కారణము ఇందే కలదు.

1953లో లాస్ ఏంజిలిస్ నగరమున నృత్యాచార్యుడు లెస్టర్ హార్టన్ నిర్వహించుచుండిన 'బాల్ కరీబ్' అను వేషధారణోత్సవమునకు ఆమె తానే కూర్చుకొన్న వేషముతో హాజరైనది. దానికి మూలము చార్లెస్ ఆడమ్స్ 'న్యూయార్కర్' పత్రికలో 1938 మొదలు వేయుచుండిన వ్యంగ్యచిత్రములు. వానిలో నల్లని పొడవైన దుస్తులతో, పాలిపోయిన ముఖముతో కనిపించు గృహిణికి అప్పటికి పేరైనను లేదు. మోర్టీషియా అను నామము 1964 నాటి టెలివిజను ధారావాహికతో ప్రచారమునకు వచ్చినది. ఉత్సవమున నుర్మి వేషమునకు బహుమతి లభించినది. ఆ వేషమును చూచిన హంట్ స్ట్రోంబర్గ్ జూనియర్ కె.ఏ.బి.సి. టెలివిజను కేంద్రమున కార్యక్రమముల అధికారి. ఆమె ఎవరో తెలియక నెలల తరబడి వెదకి, దుస్తుల రూపకర్త రూడి గెర్న్‌రైక్ ద్వారా ఆమె జాడ తెలిసికొనెను. గెర్న్‌రైక్ అంతకుముందు హార్టన్ బృందమున నర్తకుడుగా ఉండినవాడు.

ఇక ముఖ్యవిషయము. ఉత్సవమున ధరించిన వేషమును ఆమె యథాతథముగా టెలివిజనుకు తీసికొనిపోలేదు. తొలి వేషము ఆడమ్స్ చిత్రమునకు అనుకరణము. వక్షమును బిగించి చదునుచేసికొని, పాదరక్షలు లేక వెళ్లితినని ఆమె తరువాత చెప్పినది. అన్యుని కల్పనను అపహరించుట తగదని తలచి, దానిని ఆమె సమూలముగ మార్చివేసినది. నడుమును నమ్మశక్యము కానంత సన్నముగా బిగించి, మెడ దిగువను లోతుగా కత్తిరించి, గోళ్లను పొడవుగ పెంచి, కనుబొమలను విల్లువలె పైకెత్తి దిద్దుకొన్నది. జాన్ విల్లీ ప్రకటించుచుండిన 'బిజార్' అను పత్రిక నుండియు, డిస్నీ 1937 నాటి 'స్నో వైట్' చిత్రమునందలి దుష్టరాణి నుండియు, ఒక బొమ్మల కథలోని 'డ్రాగన్ లేడీ' నుండియు ఆమె అంశములను గ్రహించినది. ఆహార్యమును భరతుడు పుస్తము, అలంకారము, అంగరచన, సంజీవము అని విభజించెను గదా! వానిలో అలంకారము, అంగరచన అను రెంటిని మార్చుటచేతనే గృహిణి పాత్ర మోహినీ పిశాచపాత్రగా పరిణమించినది. పేరు మాత్రము ఆమె భర్త డీన్ రీస్‌నర్ సూచించినది.

1954 ఏప్రిల్ 30న పరిచయప్రసారము, మరునాటి నుండి 'వాంపీరా షో' ప్రసారములు ఆరంభమైనవి. రాత్రి ప్రొద్దుపోయిన తరువాత పాత భయానక చిత్రములను ప్రదర్శించుటకు ముందు, పొగమంచు కమ్మిన పొడవైన నడవలో ఆమె మెల్లగా నడచివచ్చి, కెమెరా దగ్గర నిలిచి ఒక పెద్దకేక వేసి, చిరునవ్వుతో మాటలాడెడిది. చవుకబారు చిత్రములను పరిహసించుచు పరిచయము చేయు ఈ పద్ధతికి టెలివిజనులో ఆమెయే మార్గదర్శి. 'లైఫ్' పత్రిక ఆ సంవత్సరమే ఆమె ఛాయాచిత్రములను ప్రకటించినది. ఎమ్మీ పురస్కారమునకు ఆమె పేరు ప్రతిపాదింపబడినది. ఇంత జరిగినను ప్రదర్శనము ఏడాదికే, 1955లో నిలిచిపోయినది. పాత్రపై హక్కులను సంస్థకు విక్రయింప నిరాకరించుటయే కారణమని ఆమె కథనము. ప్రసారములు ప్రత్యక్షములగుటచే అవి దాదాపుగా నశించినవి. కొలది నిమిషముల దృశ్యములు మాత్రమే దక్కినవి.

చలనచిత్రములలో ఆమె స్థానము చిన్నది. 'ది బీట్ జెనరేషన్' (1959), 'ది మ్యాజిక్ స్వోర్డ్' (1962) మున్నగువానిలో చిన్న వేషములు ధరించినది. ఎడ్ వుడ్ 1956లో తీసిన 'ప్లాన్ నైన్ ఫ్రం ఔటర్ స్పేస్' చిత్రమునకు ఆమె పొందిన పారితోషికము 200 డాలర్లు. సంభాషణలు నచ్చక మూగపాత్రగా నటించుటకు ఆమెయే కోరినదట. చిత్రము 1959లో విడుదలయి మరుగునపడి, 1980లో వెలువడిన ఒక హాస్యగ్రంథమున అత్యధమచిత్రముగా పేర్కొనబడుటచే తిరిగి కీర్తికెక్కినది. చేతులు చాచి సమాధుల నడుమ నడచు ఆమె రూపము నేటికిని ముద్రితమగుచునే యున్నది. మాటలేని ఆ కొద్ది దృశ్యములలో షోగర్ల్ శిక్షణ స్పష్టముగ కనిపించును.

అవకాశములు సన్నగిల్లగా ఆమె ఇండ్లలో నేలపై లినోలియము పరచు కూలిపని చేసినది. 1960ల దశకమున లాస్ ఏంజిలిస్ మెల్‌రోజ్ వీథిలో 'వాంపీరాస్ ఆటిక్' అను దుకాణము తెరచి, పాతవస్తువులతోపాటు తాను కుట్టిన దుస్తులను, ఆభరణములను అమ్మినది. గాయని గ్రేస్ స్లిక్, సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కుటుంబము ఆమెచే దుస్తులు కుట్టించుకొన్నవారిలో కలరు. జీవితచరిత్రకారులు ఈ ఘట్టమును పతనముగ వర్ణించుట పరిపాటి. నాకు అట్లు తోచదు. ఆమె మొదటినుండియు చేసిన పని యిదియే. ఇచట అది తెరచాటున గాక బాహాటముగ జరిగినది.

1981లో కె.హెచ్.జె. టెలివిజను కేంద్రము వాంపీరా ప్రదర్శనమును పునరుద్ధరింపదలచి ఆమెను సంప్రదించినది. పాత్రధారిణి ఎంపికలో భేదము వచ్చి ఆమె వైదొలగినది. కేంద్రము కసాండ్రా పీటర్సన్ అను నటితో 'ఎల్వైరా' అను పేర ప్రదర్శనము నడపినది. పీటర్సన్‌ను లాస్ వేగాస్ షోగర్ల్ వృత్తినుండి వచ్చినదే. నల్లని దుస్తులు, నల్లని కేశములు, లోతైన మెడకత్తిరింపు, భయానక చిత్రపరిచయము – పోలికలు ప్రత్యక్షములు. నుర్మి అభియోగము తెచ్చినది. 1989లో కాలిఫోర్నియా కేంద్రీయ మండలపు ఫెడరల్ న్యాయస్థానము, వ్యక్తి 'రూపము' అనగా ఆ వ్యక్తి ఆకృతిని వాస్తవముగ చూపుటయే గాని, సన్నిహితమగు పోలిక మాత్రమే కాదని నిర్ణయించినది. తీర్పు పీటర్సన్‌కు అనుకూలము.

ఈ తీర్పును అన్యాయమని ఒక్కమాటతో తేల్చుట సాధ్యము కాదు. పోలికయే నేరమైనచో ఆడమ్స్ ఎదుట నుర్మియు దోషి యగును. ఆమె తన వేషమును మార్చినది నిజమే. ఎల్వైరాకు పేర్చిన ఎత్తైన జుట్టు, హాస్యపు ధోరణి, యాసయు మార్పులే కదా! మార్పు ఎంతయైన స్వతంత్రకల్పన యగునో చెప్పు కొలత న్యాయశాస్త్రమున లేదు. కాని న్యాయస్థానము పరిశీలించినది ముఖమును, దేహమును. నుర్మి కల్పించినది ముఖము కాదు, వేషము. నటిని గుర్తింపగల చట్టము వేషకర్త్రిని గుర్తింపలేక పోయినది. గ్రంథమునకు, గీతమునకు కర్త కలడు. ధరింపబడి నడచు ఆకృతికి ఎవరు కర్తయో నిర్ణయించు మార్గము ఆమెకు దొరకలేదు.

వార్ధక్యమున ఆమె వాంపీరా చిత్తరువులను స్వయముగా గీసి అభిమానులకు అమ్ముచు కాలము గడపినది. 1994లో టిమ్ బర్టన్ తీసిన 'ఎడ్ వుడ్' చిత్రమున ఆమె పాత్రను లీసా మేరీ ధరించినది. 2008 జనవరి 10వ తేదీన లాస్ ఏంజిలిస్‌లో మైలా నుర్మి మరణించినది. ఆమె వదలిన వ్రాతల ఆధారముగ మేనకోడలు సాండ్రా నియెమి రచించిన జీవితచరిత్ర 2021లో వెలువడినది.