మౌలాలి గుట్టలు: రాయి కొట్టిన చోట నడకదారులు

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు ఈశాన్యంగా ఆరేడు కిలోమీటర్ల దూరంలో మౌలాలి గుట్ట ఉంది. దానికి ఎదురుగా కదమ్-ఎ-రసూల్ గుట్ట, చుట్టూ పేరున్నవీ పేరులేనివీ మరికొన్ని గుట్టలు. ఒకప్పుడు ఇవన్నీ ఊరి బయట ఉండేవి. జంట నగరాల గోడలకు, అరుగులకు, రోడ్లకు కావలసిన రాయి ఇలాంటి గుట్టల నుంచే వచ్చేది. ఇప్పుడు కాలనీలు వాటిని అన్ని వైపుల నుంచీ కమ్ముకున్నాయి. కొట్టగా మిగిలిన గుట్టల మీద ఆదివారం పొద్దున పిల్లాపాపలతో నడిచేవాళ్లు కనిపిస్తారు.

ఇక్కడి రాయి గ్రానైటు. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతున కరిగిన శిల నెమ్మదిగా చల్లారి గడ్డకట్టింది. పైనున్న పొరలు యుగాల తరబడి కోసుకుపోయాక అది బయటపడింది. పగుళ్లలోకి వాననీరు దిగి రాతి అంచులను అరగదీయడంతో పలకలుగా ఉన్న శిల గుండ్లుగా మారింది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలిచిన ఈ గుండ్లను ఎవరూ పేర్చలేదు, అన్నీ ఉన్నచోటే అలా అరిగినవే. మరో సంగతి ఏమిటంటే, పై బరువు తగ్గిన కొద్దీ గ్రానైటు ఉపరితలానికి సమాంతరంగా ఉల్లిపొరల్లా విడిపోతుంది. రాయి కొట్టేవాడికి ఆ పొరే ఆధారం. కింద పగులు ముందే ఉంది కాబట్టి పైనుంచి చీలిస్తే చాలు, బండ పలకగా లేస్తుంది.

పాత పద్ధతిలో మొదటి పని నిప్పుది. పొర మీద కట్టెలు పేర్చి మంటపెడితే వేడికి పైభాగం వ్యాకోచించి అడుగు రాయి నుంచి విడివడుతుంది. సుత్తితో తట్టి చూస్తే మోతలోనే తేడా తెలుస్తుంది. అతుక్కున్న రాయి గట్టిగా మోగుతుంది, విడిన పొర డొల్లగా పలుకుతుంది. తర్వాత ఉలితో ఒకే వరసలో గూళ్లు చెక్కి, వాటిలో ఇనుప చీలలు దిగేసి, ఈ చివర నుంచి ఆ చివరకు సమ్మెటతో ఒక్కో దెబ్బ వేస్తూ పోతారు. ఒక్క చీలనే పట్టుకుని బాదితే రాయి అడ్డదిడ్డంగా పగులుతుంది. అన్నిటి మీదా సమంగా బరువు పడితే గీత గీసినట్టు చీలుతుంది.

ఈ పని ఆనవాళ్లు గుట్టల అంచుల్లో ఇంకా కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. చీలిన రాతి పైఅంచున పంటి గాట్లలాంటి చదరపు గూళ్లు వరసగా ఉంటే అది ఉలి కాలం నాటి పని. అలా కాకుండా బొటనవేలు పట్టేంత వెడల్పున, నిలువునా తిన్నగా సగం గొట్టంలాంటి గాడులుంటే అది జాక్‌హామర్ పని, ఈమధ్య కాలానిది. అక్కడక్కడా గూళ్లు చెక్కి చీల్చకుండా వదిలేసిన బండలు కూడా కనిపిస్తాయి. రాయిలో అడ్డపగులు తగిలిందో, కొనేవాడు రాలేదో, ఆ బండ చెప్పదు. పిల్లలు వేళ్లు పెట్టి ఏది ఉలిదో ఏది మిషన్‌దో ఇట్టే కనిపెడతారు. పెద్దవాళ్లకే కాస్త చూపించాల్సి వస్తుంది.

రాతితో మనిషి పని ఇక్కడ చాలా పాతది. మౌలాలి పరిసరాల్లో ఇనుపయుగం నాటి సమాధులు బయటపడ్డాయి. పెద్ద బండలను పలకలుగా లేపి గుంతలో పెట్టెలా అమర్చి, పైన రాళ్లు వలయంగా పేర్చడం ఆ కాలపు ఆచారం. కుతుబ్‌షాహీల కాలానికి అదే రాయి రాజధానికి ఎముకగా మారింది. రాతి పని ఖరీదేమిటో చెప్పడానికి మక్కా మసీదు చాలు. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, ఆ మసీదు ప్రార్థన గూటికి కావలసిన ఒక్క ఏకశిలను తొలిచి తీయడానికే 500, 600 మంది అయిదేళ్లపాటు పనిచేశారనీ, దాన్ని లాగడానికి 1400 ఎడ్లు కట్టారనీ రాశాడు. గోల్కొండ పేరు చెబితే లోకానికి వజ్రాల గనులే గుర్తొస్తాయి. ఆ గనులున్నది ఇక్కడ కాదు, దూరంగా కృష్ణా తీరంలో కొల్లూరు వైపు. హైదరాబాద్ చుట్టూ తవ్వింది మాత్రం రాయినే.

1806లో సికందర్‌ జా పేరుతో సికింద్రాబాద్ వెలిశాక రాతికి గిరాకీ కంటోన్మెంట్ వైపు తిరిగింది. తిరుమలగిరిలో 1858 నాటి సైనిక జైలు, 1857 తిరుగుబాటు తర్వాత కట్టిన రక్షణ కోట, బొల్లారం చర్చి, తర్వాత వచ్చిన రైలు కట్టలు, ఇలా ప్రతి పెద్ద కట్టడానికీ గుట్టల అవసరం పడింది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చాక కంకర వాడకం ఇంకా పెరిగింది.

రాయి కొట్టే చేతులు ఎక్కువగా వడ్డెరలవి. చెరువు తవ్వకం, బావి తవ్వకం, బండ కొట్టడం తరతరాలుగా వాళ్ల పని. కరువు రోజుల్లో పాలమూరు నుంచి వచ్చిన కూలీలూ ఈ పనుల్లో చేరారు. గుట్ట నుంచి దిగిన సరుకు రకరకాలు. నిలువుగా చీల్చినవి కడీలు. వీటిని కంచెలకు, నగరం చుట్టూ ద్రాక్షతోటలు విస్తరించినప్పుడు పందిళ్లకు స్తంభాలుగా పాతారు. పలకలు ఇంటి అరుగులకు, మెట్లకు పోయాయి. చెక్కగా మిగిలిన ముక్కలు కంకరగా మారాయి. సుత్తితో కంకర కొట్టే పని ఆడవాళ్ల మీదా పిల్లల మీదా పడేది. కంకర మిషన్లు వచ్చాక ఆ పని పోయింది కానీ రాతి దుమ్ము పోలేదు. గ్రానైటు దుమ్ములోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయమయ్యే మందు లేదు. గుట్ట అందాన్ని రాసేటప్పుడు ఈ మాట వదిలేయడం అన్యాయం.

చట్టం లెక్కలో ఇళ్ల కట్టుబడికి వాడే రాయి చిన్నతరహా ఖనిజం. తవ్వాలంటే గనుల శాఖ లీజు తీసుకోవాలి, సీనరేజీ అనే రుసుము కట్టాలి. గుట్టల పక్కకే ఇళ్లు వచ్చాక పేలుళ్లకు తావు లేకపోయింది. రాళ్లు ఎగిరిపడతాయి, గోడలు బీటలు వారతాయి. క్రమంగా క్వారీలు ఊరికి దూరంగా జరిగాయి. వాటి గుంతలు మాత్రం మిగిలాయి. కొన్ని చెత్తతో పూడాయి, కొన్ని వాననీటితో నిండాయి.

మిగిలిన గుట్టలను కాపాడాలన్న ప్రయత్నం 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్‌తో ఒక రూపానికి వచ్చింది. ఈ సంస్థ ఆదివారాలు రాక్ వాక్‌ల పేరుతో కుటుంబాలను గుట్టలెక్కించే అలవాటు చేసింది. అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ వారసత్వ జాబితాలో తొమ్మిది శిలా సముదాయాలకు చోటు దక్కడంలోనూ దాని పాత్ర ఉంది. దుర్గం చెరువు గుట్టలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు బండలతోపాటు మౌలాలి దగ్గరి సెంటినల్ రాక్ కూడా అందులో చేరింది. ఆ జాబితా మంచిదే, అయితే దానిలో ఒక లోటుంది. ప్రకృతి చెక్కిన ఆకారాలకే అది విలువ కట్టింది, మనిషి ఉలి తగిలిన బండలను పట్టించుకోలేదు. సగం చీల్చి వదిలిన రాయి కూడా ఈ ఊరి చరిత్ర పత్రమే. దాన్ని గాయంగా మాత్రమే చూస్తే కొట్టినవాళ్లు కథలోంచి తప్పుకుంటారు.

నడకకు మౌలాలి గుట్టే అన్నిటికన్నా వీలైనది. పైదాకా దాదాపు 500 మెట్లున్నాయి. మధ్యమధ్య ఆగుతూ వెళ్తే అయిదారేళ్ల పిల్లలూ ఎక్కగలరు. పైనున్న దర్గాకు ఒక కథ ఉంది. 1578లో, ఇబ్రహీం కుతుబ్‌షా ఆస్థానంలోని యాకూత్ అనే సేవకుడికి కలలో హజ్రత్ అలీ ఈ కొండ మీద రాతిపై చేయి ఆనించి కూర్చున్నట్టు కనిపించాడట. తెల్లారి వెళ్లి చూస్తే బండ మీద హస్తముద్ర ఉందని చెబుతారు. రజబ్ నెలలో జరిగే ఉర్సుకు నిజాంలు పరివారంతో వచ్చేవారు. హిందువులూ మొక్కులు తీర్చుకుంటారు. రాయి కొట్టే నేల నడుమ ఈ గుట్ట నిలబడటంలో ఆ నమ్మకానికి ఏ చట్టానికీ తీసిపోని పాత్ర ఉందనుకోవచ్చు.

గుట్ట అడుగున మహ్‌ లఖా బాయి చందా సమాధి తోట ఉంది. 1768లో పుట్టిన ఈ కవయిత్రి, నర్తకి, తన తల్లి కోసం 1792లో దీన్ని కట్టించి, 1824లో తానూ అక్కడే సమాధి అయింది. ఆమె ఉర్దూ గజళ్ల సంపుటి ఆ ఏడాదే వెలువడింది. శిథిలమైన తోటను అమెరికా ప్రభుత్వ సహాయంతో బాగుచేసి 2011లో తిరిగి తెరిచారు. మెట్లెక్కి దిగిన పిల్లలు కూర్చోడానికి ఇది మంచి చోటు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే నడవడం మేలు. బతుకమ్మ రోజుల్లో గుట్టల వాలున తంగేడు పచ్చగా పూస్తుంది, సీతాఫలం కాయలు ముదురుతాయి. బండల మీద తలపైకెత్తి ఎండ కాచుకునే తొండల్లో మగది జతకట్టే కాలంలో ఎర్రటి, నల్లటి రంగులోకి మారుతుంది. ఏప్రిల్ వస్తే ఎనిమిది గంటలకే బండ కాలుతుంది. మౌలాలికి సిటీ బస్సులున్నాయి. మౌలాలి–సనత్‌నగర్ మార్గంలో 2024లో ఎంఎంటీఎస్ రైళ్లు కూడా మొదలయ్యాయి. తాగునీళ్లు వెంట ఉండాలి, కాళ్లకు పట్టున్న బూట్లుండాలి.

క్వారీ గుంతల విషయంలో మాత్రం ఏ మినహాయింపూ పనికిరాదు. చెరువుకు ఒడ్డు వాలుగా ఉంటుంది, గుంతకు అలా ఉండదు. మొదటి అడుగులోనే నిలువులోతు, పట్టుకుని పైకి రావడానికి నున్నటి రాతిగోడ తప్ప ఏమీ దొరకదు. నీళ్లు ఎంత తేటగా కనిపించినా పిల్లలను అంచుకు పంపకండి, ఈతకు అసలే దింపకండి.