గొడ్డు పెయ్య చెప్పిన గుట్టు

ఆవు ఒకే ఈతలో కోడెదూడనూ పెయ్యనూ ఈనితే ఆ పెయ్య చాలావరకు గొడ్డుపోతుంది. ఇంగ్లండు రైతులకు ఇది ఏనాటి నుంచో తెలుసు. కారణం మాత్రం 1916లో షికాగో విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ లిల్లీ చెప్పాడు: కడుపులో రెండు దూడల రక్తనాళాలు కలిసిపోతాయి, కోడె హార్మోన్లు పెయ్య ఒంట్లోకి చేరి దాని అండాశయాలను ఎదగనివ్వవు.

అది ఒంటి సంగతి. మెదడు మాట చాలాకాలం ఎవరికీ తట్టలేదు. 1936లో కారోల్ ఫైఫర్ అప్పుడే పుట్టిన ఆడ ఎలుకలకు వృషణాలు అతికిస్తే అవి పెద్దయ్యాక అండాలు విడుదల చేయలేదు. మారింది అండాల విడుదలను నడిపే పిట్యూటరీ గ్రంథి అనుకున్నాడాయన. 1952లో జెఫ్రీ హారిస్, డోరా జాకబ్సన్ మగ ఎలుక పిట్యూటరీని తీసి ఆడ ఎలుక మెదడు కింద అమర్చారు. ఎద చక్రం మామూలుగానే నడిచింది! గ్రంథికి ఆడా మగా లేదన్నమాట. తేడా పైనున్న మెదడుదే.

అసలు మలుపు 1959లో, కాన్సస్‌లో. ఫీనిక్స్, గోయ్, జెరాల్, యంగ్ చూలు గినీ పందులకు టెస్టోస్టిరాన్ సూదులు వేశారు. వాటికి పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక, ఎదకు తెచ్చే హార్మోన్లు ఎక్కించినా, మగది దగ్గరికొస్తే నడుము వంచి నిలబడటం బాగా తగ్గిపోయింది. పైగా తామే తోటివాటి మీదికి ఎక్కబోయాయి. అదే మందు పెరిగిన ఆడవాటికిస్తే ఇలాంటి శాశ్వతమైన మార్పు రాలేదు. పుట్టకముందు పడిన ముద్ర జీవితాంతం నిలుస్తుందని ఈ నలుగురూ తేల్చారు. 1978లో రోజర్ గోర్స్కీ బృందం ఎలుకల మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో మగవాటికి కొన్ని రెట్లు పెద్దగా ఉండే కణాల గుంపును చూపించింది.

విడ్డూరం ఇంకొకటుంది. ఎలుక మెదడుకు చేరిన టెస్టోస్టిరాన్ అక్కడ ఈస్ట్రోజన్‌గా మారుతుంది. మెదడును మగదారి పట్టించేది ఎక్కువగా అదే! మరి తల్లి ఈస్ట్రోజన్‌తో ఆడపిల్లల మెదళ్లూ అలా మారవేం? పిల్లల రక్తంలోని ఆల్ఫా ఫీటోప్రోటీన్ దాన్ని మధ్యలోనే పట్టేసుకుంటుంది.

కోతుల్లో, మనుషుల్లో ఈ లెక్క వేరు. టెస్టోస్టిరాన్ నేరుగా పనిచేసే పాలు ఎక్కువ. ఎలుక ఫలితాన్ని మనిషికి అంటగట్టే శీర్షికలు పత్రికల్లో కనబడితే నాకు చిరాకు. ఎలుకల్లోనూ అంతా హార్మోన్ల పని కాదు. తల్లి ఎలుక మగపిల్లలను ఎక్కువగా నాకుతుందనీ, తల్లికి వాసన తెలియకుండా చేస్తే ఆ నాకడం తగ్గి, ఆ పిల్లలు పెద్దయ్యాక జతకట్టే తీరే మారిందనీ 1980లలో సీలియా మూర్ చూపించారు.