సైలెన్సర్ తారీఖ్: పొగ ఖర్చు ఎవరి ఖాతాలో?

పోయిన చలికాలం కర్నూల్లో మా ఖాలా కొడుకు వలీమా. దావత్ అయ్యాక రాత్రి పదకొండుకు బయల్దేరాం. చలిగా ఉందని అద్దాలన్నీ ఎక్కించుకున్నాం. జడ్చర్ల దాటేసరికి వెనక సీట్లో మా చిన్నది వాంతి చేసుకుంది. మా బేగం కణతలు నొక్కుకుంటూ "ఏంజీ, తల పగిలిపోతోంది" అంది. దావత్‌లో బిర్యానీ తేడా చేసిందనుకున్నాం. పాపం, ఆ బావర్చీని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాం కూడా. ఒక దాబా దగ్గర ఆపి తలుపులు తీసి కూర్చుంటే పావుగంటలో ఇద్దరూ తేరుకున్నారు. మళ్లీ అద్దాలు ఎక్కించి బయల్దేరాం, మళ్లీ అదే తలనొప్పి. అప్పుడు నాకు శక్ వచ్చింది. మిగతా దారంతా అద్దాలు దించుకుని, వణుక్కుంటూనే హైదరాబాద్ చేరాం.

పొద్దున్నే మలక్‌పేట వైపు మా ఉస్తాద్ దగ్గరికి బండి తీసుకెళ్లాను. ఆయనది నలభై ఏళ్ల తజుర్బా. ఇంజిన్ స్టార్ట్ చేయించి, వెనక పొగ గొట్టానికి తడిగుడ్డ అడ్డం పెట్టి, చెవి కిందికి వంచాడు. ముందు సీటు కింద ఎక్కడో "స్‌స్‌స్" అని పాము బుసలాంటి చప్పుడు. పైపు జాయింట్ దగ్గర తుప్పుపట్టి వేలు దూరేంత చిల్లు పడింది. పొగ అక్కడే బయటికొచ్చి, అడుగున ఉన్న సందుల్లోంచి లోపలికి ఎక్కుతోంది.

"అల్లాకా షుకర్ చేయండి భాయ్. అద్దాలు మూసుకుని అందరూ నిద్రపోయి ఉంటే?" అన్నాడు ఉస్తాద్.

తర్వాత ఇంకో పని చేశాడు. ఇంజిన్‌కు దగ్గరగా ఉన్న ఉబ్బెత్తు డబ్బాని పానాతో కొట్టి చూశాడు. ఖణేల్‌మని మోగింది. "ఖాలీ డబ్బా! ఇది కన్వర్టర్. లోపలి మాల్ ఎవరో తీసి అమ్ముకున్నారు. పైన ఉత్త రేకు మిగిలింది" అన్నాడు.

నేను ఆ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2011 మోడల్, పెట్రోలు బండి. కొని ఏడేళ్లయింది. ఆ మాల్ నాకంటే ముందే పోయిందో, మధ్యలో ఏ షెడ్డులోనో పోయిందో తెలియదు. ఈ ఏడేళ్లూ నేను ఖాలీ డబ్బాతోనే తిరిగినా తిరిగి ఉంటాను. మరి పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా వచ్చింది? రోడ్డు పక్కన వ్యాన్‌లో నంబర్ ప్లేట్ ఫోటో తీసి ఇచ్చేశారు. గొట్టంలో మెషిన్ పెట్టలేదేమని నేనూ అడగలేదు. తొందరలో ఉన్నాను. ఆ తప్పు నాది కూడా.

ఉస్తాద్ మూడు దారులు చెప్పాడు. చిల్లుకు వెల్డింగ్ పెడితే 700 రూపాయలు. ఇనుము నానిపోయింది కాబట్టి ఆరు నెలలు ఆగితే గొప్ప. మధ్య పైపు, వెనక సైలెన్సర్ కొత్తవి వేస్తే మజూరీతో కలిపి 6,500. ఖాలీ డబ్బా అలాగే ఉంటుంది. మూడోది, వీటితోపాటు కన్వర్టర్ కూడా కొత్తది వేయడం. అది కంపెనీదైతే ఇంకో 32,000, బయటి బ్రాండ్ అయితే 14,000.

"చప్పుడు రాదు, బండి నడుస్తుంది. కన్వర్టర్ ఎందుకని చాలామంది రెండోదే అంటారు. మీ మర్జీ" అన్నాడు.

ఆ పద్నాలుగు వేల దగ్గర నేను ఆగిపోయాను. అది పిల్ల స్కూల్ ఫీజు. బండికి అక్కర్లేని సామాను ఇంత ఖరీదు ఎందుకుంది? అసలు దాన్ని బండి కింద ఎవరు పెట్టించారు? రాత్రికి ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. ఒక పొగ గొట్టానికి ఇంత తారీఖ్ ఉందని అనుకోలేదు.

మొదట్లో జనానికి పొగతో పేచీ లేదు, చప్పుడుతోనే. ఇంజిన్‌లో పెట్రోలు పేలిన ప్రతిసారీ గొట్టంలోంచి తుపాకీ మోత. గుర్రాలు బెదిరేవి. 1897లో అమెరికాలోని ఇండియానాలో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే అన్నదమ్ములు ఇంజిన్ మోత తగ్గించే డబ్బాకు పేటెంట్ తీసుకున్నారు. లోపల గదులు, చిల్లుల గొట్టాలు. వాటిలో చప్పుడు అటూ ఇటూ తగిలి తనను తానే చంపుకుంటుంది. మనం సైలెన్సర్ అనేది దాన్నే. నిశ్శబ్దం అప్పట్లో షాన్. మన చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. 'ఘోస్ట్' అనే పేరు రావడానికి ఒక కారణం అది దయ్యంలా చప్పుడు లేకుండా వెళ్లడమే. చప్పుడు పోయింది కాబట్టి పొగ సంగతి ఎవరూ అడగలేదు.

తర్వాత ఆ పొగలోకి జహర్ చేరింది. ఇంజిన్‌లో పెట్రోలు తప్పు సమయంలో పేలి టకటక కొట్టుకునే జబ్బు ఉండేది. 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ దానికి మందు కనిపెట్టాడు. పెట్రోల్లో కాస్త సీసం కలపడమే ఆ మందు. ఆల్కహాల్ కలిపినా ఆ జబ్బు తగ్గుతుందని వాళ్లకు తెలుసు. కానీ ఆల్కహాల్ మీద పేటెంట్ రాదు, మునాఫా ఉండదు. 1923లో సీసం పెట్రోలు బజారుకొచ్చింది. పేరు మాత్రం 'ఇథైల్'. సీసం అనే మాట పేరులో ఎక్కడా లేదు.

సీసం విషమని లోకానికి ఎప్పటి నుంచో తెలుసు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఈ సరుకు తయారుచేసే చోట ఐదుగురు మజ్దూర్లు మతి చెడి చనిపోయారు. డజన్ల మంది ఆస్పత్రి పాలయ్యారు. మిడ్జ్‌లీ అఖ్బార్ వాళ్లను పిలిచి, వాళ్ల ముందే ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, వాసన పీల్చి, ఏమీ కాదని చూపించాడు. అప్పటికే ఆయన సీసం విషం తగిలి కొంతకాలం పని మాని విశ్రాంతి తీసుకున్న మనిషి. నేనూ అఖ్బార్ వాడినే. అలాంటి తమాషాలు చూసి వచ్చి రాసేసిన రోజులు నాకూ ఉన్నాయి. అందుకే ఈ కిస్సా చదువుతుంటే సిగ్గేసింది.

ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు లోకమంతా అదే పెట్రోలు తగలబెట్టింది. 1965లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే సైన్స్‌దాన్, మనిషి ఒంట్లో సీసం ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని లెక్క తేల్చాడు. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే డాక్టర్ పిల్లల ఊడిన పాలపళ్లు సేకరించి పరీక్షించాడు. పళ్లలో సీసం ఎక్కువున్న పిల్లలు తెలివి పరీక్షల్లో వెనకబడ్డారని చూపించాడు. అంటే పెట్రోలు చవగ్గా కొట్టుకునేందుకు పెద్దలు పెట్టిన ఖర్చు, పిల్లల జెహన్ ఖాతాలో పడింది.

ఇక మన ఖాలీ డబ్బా సంగతి. యూజీన్ హూడ్రీ అనే ఫ్రెంచ్ ఇంజనీర్ అమెరికా వెళ్లి స్థిరపడ్డాడు. కార్ల పొగ చూసి, దాన్ని గొట్టంలోనే శుభ్రం చేసే కన్వర్టర్ తయారుచేశాడు. 1956లో పేటెంట్ వచ్చింది. కానీ కార్లలో దాన్ని పెట్టలేకపోయారు. పెట్రోల్లోని సీసం కన్వర్టర్ లోపలి లోహం మీద పూతలా పేరుకుని దాన్ని పనికిరాకుండా చేసేది. హూడ్రీ 1962లో చనిపోయాడు. తన చీజ్ రోడ్డెక్కడం ఆయన చూడలేదు.

1970లో అమెరికా గాలి చట్టాన్ని గట్టి చేసింది. కార్ల పొగలో విషవాయువులు 90 శాతం తగ్గాలని షరతు పెట్టింది. దాంతో 1975 మోడళ్లకు కన్వర్టర్ వచ్చింది. కన్వర్టర్ బతకాలంటే సీసం లేని పెట్రోలు కావాలి. అందుకని అక్కడి బంకుల్లో సీసం లేని పెట్రోలు పెట్టారు. ఇక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను. సీసం పోవడం మొదలైంది ముందుగా పిల్లల కోసం కాదు, ఖరీదైన డబ్బా పాడవుతుందని! సబబ్ ఏదైనా మేలు జరిగింది. లోకంలో ఆఖరుగా 2021లో అల్జీరియా బంకుల్లో సీసం పెట్రోలు ఆగిపోయింది. దీనివల్ల ఏటా 12 లక్షలకు పైగా అకాల మరణాలు తప్పుతున్నాయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చెప్పింది.

ఇంతకీ ఆ డబ్బాలో ఏముంటుంది? తేనెపట్టు లాంటి పింగాణీ ఇటుక. దాని సన్నని గళ్లకు ప్లాటినం, పలేడియం, రోడియం పూత. పొగ అందులోంచి వెళ్తుంటే కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌గా, కాలని పెట్రోలు ఆవిరి నీరు, కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజన్‌గా మారతాయి. ఆ లోహాలు మాత్రం ఖర్చు కావు. మన బుజుర్గులు చెప్పే పారస్ పత్థర్ గుర్తొచ్చింది. తను మారకుండా తగిలినదాన్ని మారుస్తుంది కదా! ఆ లోహాలు ఉండేది కొద్ది గ్రాములే. కానీ రోడియం ధర 2021లో ఔన్సుకు దాదాపు 30,000 డాలర్లకు ఎక్కింది. ఔన్సు అంటే 31 గ్రాములు. నా డబ్బా ఎందుకు ఖాలీ అయిందో అర్థమైంది.

మన ముల్క్‌లో ఈ డబ్బా అదాలత్ దారిలో వచ్చింది. 1985లో ఎం.సి. మెహతా అనే వకీలు ఢిల్లీ వాహనాల పొగ మీద సుప్రీం కోర్టుకెళ్లారు. ఆ కేసు ఏళ్ల తరబడి నడిచింది. 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్, వాటికి సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయ్యాయి. ఆ నాలుగింటిలో మన హైదరాబాద్ లేదు. సీసం లేని పెట్రోలు దేశమంతా వచ్చింది 2000 ఫిబ్రవరిలో. నా బచ్‌పన్ అంతా, మీలో నా వయసు వాళ్ల బచ్‌పన్ అంతా, సీసం పొగలోనే గడిచింది. ఆ పొగ గల్లీ గల్లీకీ వచ్చింది. 1591 నాటి చార్మినార్ కూడా దశాబ్దాల పాటు బండ్ల మధ్య నిలబడి నల్లబడింది. రాయిని కడిగి తెల్లగా చేసుకోవచ్చు. దాని నీడలో బండి పెట్టుకుని గాజులు, పండ్లు అమ్ముకున్న వాళ్ల ఊపిరితిత్తులను ఎవరు కడుగుతారు?

2010లో భారత్ స్టేజ్ 4 నియమాలు మొదటగా వచ్చిన నగరాల్లో హైదరాబాద్ ఉంది. 2020 ఏప్రిల్‌లో ఐదో మెట్టు వదిలేసి దేశమంతా నేరుగా ఆరుకు వెళ్లాం. కాగితం మీద బాగానే ఎక్కాం. కానీ కాగితం మీద స్టేజ్ 4 అయిన నా కారు కింద మాత్రం ఉత్త రేకు మోగుతోంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. పద్నాలుగు వేల మాట కూడా చెప్పాను. మా బేగం కాసేపు ఆలోచించి ఒక్క మాట అంది. "మన పిల్ల మన కార్లోనే వాంతి చేసుకుంది కాబట్టి మనకు తెలిసింది. రోడ్డు మీది పిల్లకు ఏ కారు వల్ల అయిందో ఎలా తెలుస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు.

తెల్లారి ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. చిల్లు జాన్‌కు ఖతరా కాబట్టి మధ్య పైపు, సైలెన్సర్ ఆ రోజే వేయించాను. కన్వర్టర్‌కు రెండు నెలలు ముహ్లత్ అడిగాను. ఈలోపు ఆఫీసుకు బస్సులో వెళ్లాను. రంజాన్‌కు ముందే బయటి బ్రాండ్‌ది, బిల్లూ వారంటీ ఉన్నది వేయించాను. ఎక్కడో 5,000కే దొరుకుతుందని ఒకరు చెప్పారు. "నక్కో భాయ్. అంత సస్తా దాంట్లో లోహం పూత పేరుకే ఉంటుంది. అది కూడా ఖాలీ డబ్బా కిందే లెక్క" అన్నాడు ఉస్తాద్.

ఆయన దగ్గర నేర్చుకున్న నాలుగు మాటలు మీకూ చెప్తాను. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరై గొట్టంలోకి వస్తుంది. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో గొట్టం వేడెక్కదు, ఆ నీరు లోపలే నిలిచి తుప్పు పట్టిస్తుంది. వారానికోసారైనా కాస్త దూరం నడపండి. బండి కింద బుసమన్న చప్పుడు వచ్చినా, లోపల పొగ వాసన వచ్చినా, అద్దాలు మూస్తే తల నొచ్చినా ఆలస్యం చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది నిద్రలోనే తీసుకుపోతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు కన్వర్టర్‌ను తట్టించి చూడండి. మార్పిస్తే పాతది మీరే అడిగి తీసుకోండి. లోపల మాల్ ఉంటే దానికి కొంత ధర వస్తుంది, అది మీ హక్.

కొత్తది బిగించాక ఉస్తాద్ పానాతో మళ్లీ తట్టాడు. ఈసారి మోగలేదు. బరువుగా, నిండుగా 'ధప్' అంది. పిట్‌లోంచి ఆయన శాగిర్ద్ ఒకడు, పద్దెనిమిదేళ్లవాడు, దగ్గుకుంటూ పైకి వచ్చాడు. రోజంతా బండ్ల కింద ఉండే పిల్లవాడు. వాడి దగ్గుకు ఏ కారు కారణమో నాకూ తెలియదు, వాడికీ తెలియదు. చాయ్ తాగమని ఇరవై రూపాయలు ఇచ్చి, బండి స్టార్ట్ చేసి ఇంటిదారి పట్టాను.