గోధుమ, మధుమేహం: ఒక ప్రేగు వ్యాధి చరిత్ర

సికిందరాబాదు వంటి పట్టణంలో ఒకే వీధిలో ఒక ఇంట అన్నం, మరొక ఇంట రొట్టె ప్రధానాహారం. మధుమేహం వచ్చినవారు రాత్రిపూట అన్నం మాని గోధుమరొట్టె తినటం నేడు అన్ని ఇండ్లలోను వాడుకయినది. గోధుమ వలన చాలామందికి ఏ హానీ లేదు. కాని మధుమేహరోగులలో కొద్దిమందికి ఆ రొట్టెయే ప్రేగును పాడుచేస్తుంది. దీనిని సీలియాక్ వ్యాధి అంటారు. దీని కారణాన్ని కనుగొనటానికి మానవునికి దాదాపు 1800 సంవత్సరాలు పట్టినది. అంత ఆలస్యం ఎందుకు జరిగినదో తెలిసికొంటే, నేటికీ రోగనిర్ణయం ఎక్కడ తప్పిపోతున్నదో బోధపడుతుంది.

క్రీ. శ. రెండవ శతాబ్దంలో ఆరిటియస్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. ఆయన స్వస్థలం కప్పడోషియా, అంటే నేటి టర్కీలోని ప్రాంతం. తిన్న ఆహారం జీర్ణం కాక విరేచనాలై, మనిషి చిక్కి శల్యమయ్యే వ్యాధిని ఆయన వర్ణించాడు. గ్రీకు భాషలో 'కొయిలియా' అంటే కడుపు. సీలియాక్ అన్న పేరు అందుండి వచ్చినదే. విచిత్రమేమంటే, మధుమేహాన్ని వివరంగా వర్ణించిన తొలి గ్రీకు వైద్యులలో కూడా ఆయన ఒకడు. ఈ రెండు వ్యాధులకు చుట్టరికం ఉన్నదని మాత్రం ఆ కాలంలో ఎవరూ ఊహించి ఉండరు.

1887లో లండనులో డాక్టరు శామ్యూల్ గీ ఈ వ్యాధిని గురించి ఒక ఉపన్యాసం ఇచ్చారు. ఇది కుదిరితే ఆహారం వలననే కుదరాలని ఆయన గ్రహించారు. ఇంతవరకు ఆయన ఊహ సరియైనదే. కాని పిండిపదార్థం ఎక్కువగా ఉన్నదని అన్నాన్ని నిషేధించి, పలుచగా కోసి బాగా కాల్చిన రొట్టెను మాత్రం అనుమతించారు. నిర్దోషికి శిక్ష పడినది, దోషి తప్పించుకొన్నాడు.

అన్నమే ప్రధానమైన మన దేశపు దక్షిణ భాగంలో ఇటువంటి లక్షణాలకు వేరొక వ్యాధి ఉన్నది. దానిని స్ప్రూ అంటారు. మనవారు సంగ్రహణి అనేవారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు ఇద్దరు దీనికే బలియైనారు. ఆయనకు కూడా ఈ వ్యాధి వచ్చి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. తరువాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసినది. దానితో స్ప్రూ రోగుల రక్తహీనత తగ్గసాగినది. సీలియాక్ రోగుల రక్తం కూడా ఫోలిక్ ఆమ్లంతో కొంత మెరుగుపడవచ్చు. కాని వారి ప్రేగు మాత్రం బాగుపడదు. యూరపులో పెద్దలకు వచ్చే సీలియాక్ వ్యాధిని చాలాకాలం 'ఉష్ణమండలేతర స్ప్రూ' అనేవారు. పేర్లు కలిసిపోగా రోగాలు కూడా కలిసిపోయినవి.

అసలు దోషిని పట్టినవారు హాలండు దేశపు పిల్లల వైద్యుడు డాక్టరు విలెం డికె. గోధుమపై ఆయనకు ముందునుంచే అనుమానం ఉన్నది. 1944-45 శీతకాలంలో యుద్ధం వలన ఆ దేశంలో ఘోరమైన కరవు వచ్చి, రొట్టె కనుమరుగయినది. ఈ వ్యాధి ఉన్న పిల్లలు మాత్రం ఆ కరవులో తేరుకొన్నారు! రొట్టె తిరిగి రాగానే వ్యాధి తిరగబెట్టినది. ఆయన కొలతలతో పరీక్షించి 1950లో తన సిద్ధాంతవ్యాసంలో గోధుమ, రై ధాన్యాలు హాని చేస్తాయనీ, బియ్యం, మొక్కజొన్న చేయవనీ చూపారు. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తే ఇందుకు కారణం.

ఇక ప్రేగులో ఏమి జరుగుతున్నదో కంటితో చూడాలి. 1897 ఆగస్టు 20న సికిందరాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపును చీల్చి మలేరియా క్రిములను చూడగలిగారు. బ్రతికి ఉన్న మనిషి ప్రేగును అలా చీల్చలేము గదా! 1956లో లండనులో డాక్టరు మార్గట్ షైనర్ నోటిగుండా గొట్టం పంపి చిన్నప్రేగు నుండి చిన్న ముక్కను తీశారు. మరుసటి సంవత్సరం అమెరికాలో క్రాస్బీ మింగటానికి వీలైన చిన్న గుళికలో కత్తిని అమర్చారు. ఆరోగ్యవంతుని చిన్నప్రేగు లోపల మకమలుగుడ్డ నూగువలె ఆంత్రచూషకాలు నిలిచి ఉంటవి. ఆహారసారాన్ని పీల్చుకొనేవి అవే. సీలియాక్ రోగిలో అవి అరిగి చదునైపోతవి. అయితే స్ప్రూలో కూడా అవి కొంత కురచనౌతవి. కాబట్టి సూక్ష్మదర్శిని ఒక్కటే చాలదు.

మరి మధుమేహంతో సంబంధమేమి? 1922లో ఇన్సులిన్ చికిత్స ఆరంభం కాకముందు మధుమేహం వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బ్రతికేవారు కారు. వారు బ్రతకసాగిన తరువాతనే రెండు వ్యాధులు ఒకే మనిషిలో కనిపించటం వైద్యుల దృష్టికి వచ్చినది. మొదటి రకం మధుమేహంలో శరీర రక్షణవ్యవస్థ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలనే నాశనం చేస్తుంది. సీలియాక్ వ్యాధిలో అదే వ్యవస్థ, గ్లూటెన్ ప్రేరణతో, ప్రేగుపై దాడి చేస్తుంది. ఈ రెంటికీ అవకాశమిచ్చే జన్యువులు కొన్ని ఒకటే. అవి 6వ క్రోమోసోములో ఉన్నవి. మొదటి రకం మధుమేహరోగులలో నూటికి సుమారు ఆరుగురికి సీలియాక్ వ్యాధి ఉంటుందని అంచనా.

ఇక్కడనే తికమక మొదలవుతుంది. విరేచనాలు మధుమేహం వలన నరాలు దెబ్బతిని రావచ్చు. రెండవ రకం రోగులలో మెట్‌ఫార్మిన్ మాత్రల వలన రావచ్చు. తిన్నది ఒంటబట్టక రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోతే, ఇన్సులిన్ మోతాదు ఎక్కువైనదనుకొంటారు. పిల్లవాడు ఎదగకపోతే, చక్కెర అదుపులో లేదంటారు. అన్ని లక్షణాలూ తెలిసిన రోగం ఖాతాలోనే పడిపోతవి. పైగా, 2016లో వెలువడిన సర్వే ప్రకారం ఉత్తరభారతంలో వెయ్యికి ఎనిమిది తొమ్మిది మందికి ఈ వ్యాధి ఉండగా, దక్షిణాన పదివేలకు సుమారు ఒకరికే ఉన్నది. అందుచేత ఇక్కడ అనుమానం కలగటమే అరుదు.

1997లో జర్మనీలో షుప్పాన్ బృందం ఈ వ్యాధిలో ప్రతిదేహాలు ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైముపై పనిచేస్తాయని కనుగొన్నది. నేటి రక్తపరీక్షకు ఆధారం అదే. అయితే కొందరిలో ఐజీఏ రకం ప్రతిదేహాలే లోపించి ఉంటవి. వారికి పరీక్షలో వ్యాధి లేదని తేలుతుంది. కనుక మొత్తం ఐజీఏను కూడా కొలవాలి. మధుమేహం కొత్తగా వచ్చిన పిల్లలలో కొందరికి ఈ ప్రతిదేహాలు కొద్దిగా పెరిగి, గోధుమ మానకుండానే తగ్గిపోవటం కూడా ఉన్నది. అటువంటప్పుడు మరల పరీక్షించి, అవసరమైతే ప్రేగుముక్కను చూచి నిర్ణయించాలి.

అన్నింటికంటె ముఖ్యమైనది పరీక్షల వరుస. అనుమానం రాగానే రోగి తనంతట తాను గోధుమ మానివేస్తే, ప్రతిదేహాలు తగ్గుతవి, చూషకాలు మరల మొలుస్తవి, సాక్ష్యం చెరిగిపోతుంది. ఆ తరువాత ఏ పరీక్షలోనూ నిజం బయటపడకపోవచ్చు. ముందు పరీక్ష, తరువాత పథ్యం. ఆ పథ్యం జన్మాంతం చేయవలసినది. మధుమేహ పథ్యానికి తోడు ఇంకొకటి. అంతటి భారాన్ని ఊహమీద మోపరాదు, అవసరమైనవారికి తప్పించనూరాదు. వ్యాధి ఉన్నదని రుజువైన తరువాత మన వరి, జొన్న, రాగి అన్నీ నిరపాయమైనవే. ఎంత తినాలో మాత్రం ఇన్సులిన్ మోతాదుతో సరిచూచుకోవాలి.